థ్రష్‌ల సొరుగు

మా ముత్తాత చినగంటి జగన్నాథం గారు నాగావళి ఒడ్డున ఏడు ఊళ్ళకు మొఖాసాదారు. ఆయన గుర్రం దిగుతుంటే కళ్ళెం పట్టుకోవడానికి ఊరి కరణమే పరుగెత్తుకొచ్చేవాడు. ఆయన కొడుకు, మా తాత రమణమూర్తి గారి నడివయసులో చట్టం వచ్చి మొఖాసాలు పోయాయి. ఊళ్ళు పోయాయి గాని ఊళ్ళవాళ్ళ నడుములు వంగడం పోలేదు. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నంతసేపు మా వీధిలో ఎవరూ చెప్పులతో నడిచేవారు కారు. రాజాం సంతకు పోయే బళ్ళవాళ్ళు మా ప్రహరీ మొదలైన చోట దిగి, ఎద్దుల మెడగంటలు గుప్పిట్లో పట్టుకుని నడిచి, ప్రహరీ అయిపోయాక వదిలేవారు. తోటలో పిట్టలు బెదురుతాయని తాత ఆజ్ఞ. ఇదంతా గొప్పకు రాయడం లేదు, ఉన్నదే రాస్తున్నాను. తాతకు పెద్దకొడుకు మా నాన్నగారు విశ్వనాథం గారు. నాన్నగారికి నేనొక్కదాన్నే. అందుచేత ఆ ఇంటికి వారసురాలిని నేనే, మిగిలిన ఇల్లు ఎంతో అంతకు.

ఈ వేసవిలో హారిక అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పిట్టల వంశాల మీద పరిశోధన చేస్తోంది. మా తాత బీరువా గురించి ఎవరో చెబితే విని, ముందుగా ఫోన్ చేసి, ఎండలో రాజాం నుంచి ఆటోలో వచ్చింది. ఆ బీరువా బర్మా టేకు. మనిషి ఎత్తుంటుంది. తలుపులు తీస్తే లోపల పల్చటి సొరుగులు ఒకదాని కింద ఒకటి. వాటి నిండా మా తాత తుపాకీతో కొట్టిన పిట్టలు. లోపలి మాంసం తీసేసి, తోలులో దూది కూరి, కాళ్ళు రెండూ కలిపి దారంతో కట్టి, వెల్లకిలా వరసగా పడుకోబెట్టినవి. కళ్ళున్న చోట దూది తెల్లగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళకు అది శవాల గదిలా ఉంటుంది. పాతవాళ్ళకు కూడా అలాగే ఉంటుంది, అలవాటవుతుంది అంతే. ఆ అమ్మాయి చేతులకు తొడుగులు వేసుకుని పై సొరుగు లాగింది. ఒక్కొక్క పిట్ట కాలివేలి అడుగు నుంచి గోటి కొసంత చర్మం కోసి సీసాలో వేసుకుంటే చాలునట, దాని రక్తసంబంధాలన్నీ తెలిసిపోతాయట. పని ముగించి సొరుగు లోపలికి తోస్తే అది ముప్పావు వంతు వెళ్ళి ఆగిపోయింది.

"ఇది ఎందుకు మూసుకోదండీ?" అంది.

"చెక్క ఉబ్బింది," అన్నాను.

చెక్క ఉబ్బలేదు.

ఆ అమ్మాయి తొడుగులు విప్పుకుంటూ, "ఒక సంగతి చెబుతాను, ఏమీ అనుకోకండి. తాతగారు ఈ సొరుగు మీద థ్రష్‌లు అని, పాడే పిట్టల వంశం పేరు రాశారు. ఇందులో చాలావరకు ఇప్పుడు థ్రష్‌లు కావు," అంది.

"మరేమిటి?"

"ఫ్లైక్యాచర్లు. ఈగల్ని పట్టే పిట్టలున్నాయి చూడండి, వాటి వంశంలోకి వెళ్ళిపోయాయి."

నేను కుర్చీలో నిటారుగానే కూర్చుని ఉన్నాను. ఆ మాట ఆ గదిలో అంతకు ముందు ఒకసారి ఒకరు అన్నారు. అన్నవాడి వేళ్ళు విరిగాయి.

మా ఇంట్లో రోజు తుపాకీతో మొదలయ్యేది. తెల్లవారీ తెల్లవారకముందే వంటింట్లో కాఫీ గింజలు వేగే వాసన, అరుగు మీద తుపాకీ నూనె వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ కాఫీ తాగితే నాకు నాలుక చివర ఆ నూనె తగులుతుంది. తాత ఖాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు వేసుకుని, సూర్యుడికి దణ్ణం పెట్టి, దణ్ణం పెట్టిన చేతులతోనే తుపాకీ అందుకునేవారు. ఈకలు చెడకూడదు కనుక చిన్న పిట్టలకు సన్నటి సీసపు గుళ్ళు వాడేవారు. సన్నటి గుళ్ళు కనుక పిట్ట చాలాసార్లు చచ్చేది కాదు. రెక్క విరిగి గడ్డిలో గింగిరాలు తిరిగేది. మెడ తిప్పి చంపకూడదు, మెడ దగ్గర ఈకలు నలుగుతాయి. రెక్కల కింద రొమ్మును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, గుండె ఆగేదాకా నొక్కాలి. పరికిణీలు కట్టే వయసుకే నాకు ఆ పని నేర్పారు. వేళ్ళ మధ్య గుండె ముందు చాలా వేగంగా కొట్టుకుంటుంది, తరవాత ఆగి ఆగి, తరవాత ఉండదు. పిట్టను తాత చేతిలో పెట్టేదాన్ని. "చినగంటి వారి పిల్ల. చేయి వణకదు," అనేవారు. వణికేది కాదు.

తోళ్ళు తీసేది సూరి. సూరి మా తాత కొడుకే గాని మా మామ్మ కొడుకు కాడు. గుడిలో పాడే కుటుంబంలో ఒకావిడను తాత చిన్నింట్లో ఉంచారు. ఆవిడ కొడుకు సూర్యనారాయణ. ఆవిడ పోయాక తాత అతన్ని మా ఇంటికి తెచ్చి, విజయనగరంలో జంతుశాస్త్రం చదివించి, పిట్టల పని అప్పజెప్పారు. అన్నం మాత్రం వసారాలో పెట్టించేవారు. లోపల భోజనాల హాలులో పంక్తికి ఒక క్రమం ఉండేది. తూర్పు గోడ మొదట్లో తాత, పక్కన మా నాన్నగారు, తరవాత అల్లుళ్ళు, తరవాత దగ్గరి దాయాదులు. ఎవరి పీట వారిది. ఒకరు రాకపోతే ఆ పీట ఖాళీగా ఉండేది గాని వెనకవారు ముందుకు జరిగేవారు కారు. ఆ పంక్తిలో సూరికి పీట లేదు. అతన్ని చిన్నాన్న అని పిలవకూడదని నాకు మాటలు వచ్చిన కొత్తలోనే మామ్మ చెప్పింది. అందుకని నా కంటే పన్నెండేళ్ళు పెద్దవాణ్ణి సూరీ అనే పిలిచేదాన్ని. అతను తండ్రిని బాబుగారూ అనేవాడు, అన్నగారిని పెదబాబూ అనేవాడు.

అతని చేతుల వంటి చేతులు నేను మళ్ళీ చూడలేదు. వసారాలో చాప మీద కూర్చుని, రొమ్ము ఎముక కింద నుంచి ఒక్క గీత గీసి, మేజోడు తిరగేసినట్టు తోలును తల దాకా తిరగేసేవాడు. పుర్రెలో మెదడును సూదితో గీరి తీసేవాడు. మాంసం ముద్దను చూడకుండానే పిల్లి వైపు విసిరేవాడు, పిల్లి గాల్లోనే అందుకునేది. తోలుకు పాషాణం కలిపిన సబ్బు రాసేవాడు. ఆ చేతులతో నీళ్ళ బిందె ముట్టుకుంటే వేరే శిక్ష. అంతసేపూ ఆ చచ్చిన పిట్ట పాటనే ఈలగా వేసేవాడు. ఏ పిట్ట తోలు తీస్తున్నాడో వంటింట్లో ఆడవాళ్ళకు ఈలను బట్టి తెలిసేది.

ఒకరోజు మా నాన్నగారు వసారా దాటుతూ ఆగి, "ఏరా సూరీ, నువ్వు కాకి వంశమా, కోకిల వంశమా?" అన్నారు.

సూరి కత్తెర ఆపలేదు. "గుడ్డు పెట్టినోరిని అడగాల పెదబాబూ. పిల్లకేటి తెలుస్తాది?" అన్నాడు.

నాన్నగారు చెప్పు తీసి అతని చెంప మీద కొట్టారు. సూరి చేతిలో పిట్ట తోలు చిరగలేదు. పెదవి నుంచి కారిన రక్తం ఈకల మీద పడకుండా తల పక్కకు వంచి, మళ్ళీ ఈల అందుకున్నాడు.

ఆదివారాలు సొరుగులకు గాలి పెట్టే రోజు. బీరువా తలుపులు తీయగానే నాఫ్తలీను, ఎండిన వేపాకు, పాత రక్తం కలిసిన వాసన గదంతా పరుచుకునేది. వేసవిలో మేనత్తల పిల్లలు కూడా ఉండేవారు. అందరం వరసగా నిలబడి సొరుగులు పై నుంచి కిందికి ఒప్పజెప్పాలి, ఏ పిట్ట, ఏ వంశం. తాత చేతిలో తుపాకీ గొట్టం తుడిచే ఇనుప కడ్డీ ఉండేది. తప్పు చెప్పిన వాళ్ళు పిడికిలి ముడుచుకుని ముందుకు చాపాలి. కడ్డీ కణుపుల మీద పడేది. పై సొరుగు థ్రష్‌లది. తాత లెక్కలో పిట్టల్లో దొరల వంశం అదే. ఒళ్ళు నిటారుగా నిలిపి, ఒంటరిగా, ఎత్తున కూర్చుని పాడతాయి. మా దొడ్లో తిరిగే నలంచి, పెద్ద నలంచి అందులోవే. సాలూరు కొండల్లో కొట్టిన పొడుగు తోక షామా, వాగుల పక్కన మనిషిలా ఈల వేసే నీలిపిట్ట, చలికాలం వచ్చే నీలి రాతి థ్రష్, నారింజ రంగు తల థ్రష్, కొండ బ్లాక్‌బర్డ్ అన్నీ ఆ సొరుగులోనే. ఈగలు పట్టే ఫ్లైక్యాచర్లు అడుగు నుంచి రెండో సొరుగు. "ఒకచోట కుదురుండదు. ఈగ కనబడితే ఎగిరి, మళ్ళీ కొమ్మ మీద పడతాయి. కూలిజనం," అనేవారు. మా మేనత్త కొడుకు ఒకసారి థ్రష్‌ల సొరుగు ముందు నిలబడి, వంటింటి మాట నోట్లోకి వచ్చి, "ఇది నలంచి, ఇది దాని అన్న పెద్ద నలంచి," అన్నాడు. పుస్తకంలో అవి రెండూ వేరు వేరు శాఖలు. వాడి కణుపులు వాచి ఆ వారం అన్నం వాళ్ళమ్మ తినిపించింది.

తాత తుపాకీ తప్పు చేయలేదని అనను. సాలూరు కొండల్లో ఒక వాగు దగ్గర నీలిపిట్ట ఈల వినిపించి, పొద వైపు గురిపెట్టి పేల్చారు. పొదలోంచి ఒక పశువుల కాపరి భుజం పట్టుకుని లేచాడు. "బుగతోరూ, పిట్ట కాదు, నాను," అన్నాడు. తాత అతన్ని రాయి మీద కూర్చోబెట్టి, పిట్టల పనికి వాడే పట్టకారుతో భుజంలోంచి సీసపు గుళ్ళు ఒక్కొక్కటే పీకారు. అన్నీ తీశాక, "ఈల మానుకో," అన్నారు. అతను దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆ కథను ఇంట్లో నవ్వుతూ చెప్పుకునేవారు. నేనూ నవ్వేదాన్ని.

అటువంటి రోజుల్లో మద్రాసు నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడని కబురు వచ్చింది. పిట్టల శాస్త్రంలో పేరున్నవాడు. మా బీరువా చూసి, బాగుంటే దాని గురించి రాస్తాడని తాత ఆశ. మొఖాసా పోయాక తాతకు మిగిలిన పెద్దరికం ఆ బీరువాయే. సూరిని పిలిచి అందరి ముందూ అన్నారు: "సొరుగులన్నీ శాస్త్రం ప్రకారం సర్దు. ఒక్క తప్పు ఉండకూడదు. ఆ వేళ పంక్తిలో నీకు పీట వేయిస్తాను. ఇది నా మాట."

సూరి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. తరవాత, "పుస్తకంలో ఉన్నట్టే సర్దాలా బాబుగారూ?" అన్నాడు.

"అచ్చంగా పుస్తకంలో ఉన్నట్టే."

తాత దృష్టిలో పుస్తకమంటే ఆయన దగ్గరున్న ఎర్ర అట్ట సంపుటాలు. సూరి దగ్గర అప్పుడే వచ్చిన కొత్త గ్రంథం ఉంది. అందులో థ్రష్‌లకు వేరే వంశం లేదు. గోలచేసే మట్టిరంగు బాబ్లర్లను, ఈగలు పట్టేవాటిని, థ్రష్‌లను అన్నిటినీ కలిపి ఒకే పెద్ద వంశం చేసేశారు. దాంట్లో బాబ్లర్లు ముందు, థ్రష్‌లు చివర. సూరి తలుపు వేసుకుని పిట్టలను ఒక్కొక్కటిగా ఎత్తి కొత్త చోట పడుకోబెడుతుంటే నేను దారం అందిస్తూ కూర్చున్నాను. అతను అంత సంతోషంగా ఉండగా నేను చూసింది అప్పుడొక్కసారే.

"తాత ఒప్పుకోరు సూరీ," అన్నాను.

"మీ తాత దేవుణ్ణయినా కాదంటాడేమో గాని బుక్కుని కాదనడు అమ్మీ. నానెరుగుదును."

నిజానికి అది ఆ ఇంటివాళ్ళు మాత్రమే చేసే పొరపాటు. పుస్తకాన్ని కాదనని మనిషి కొత్త పుస్తకాన్ని కూడా కాదనడని నమ్మడం.

పెద్దాయన వచ్చిన రోజు హాలులో అరిటాకులు వేశారు. అల్లుళ్ళ తరవాత ఒక కొత్త పీట. సూరి ఉతికిన పంచె కట్టుకుని, వేళ్ళ సందుల్లో పాషాణం వాసన పోయేదాకా చింతపండుతో తోముకుని వచ్చాడు. తాత అతిథికి కుర్చీ వేయించి, బీరువా తలుపులు తీసి, గర్వంగా పై సొరుగు లాగారు. సొరుగు నిండా బాబ్లర్లు.

"థ్రష్‌లేవిరా?"

"కిందన ఉన్నాయండి. ఈగల పిట్టల తరవాత." సూరి మరో సొరుగు సగం లాగి చూపించబోయాడు. ఎడమ చెయ్యి పై సొరుగు లోపలి అంచు మీద ఉంది. "వాటికి వేరే వంశం తీసేసినారండి. కొత్త గ్రంథం ప్రకారం ఒక్కటే వంశం."

తాత అతిథి వైపు చూశారు. ఆయన మంచివాడు. మంచివాడు కనుకనే తల ఊపి, "అవునండీ, అబ్బాయి చెప్పినదే ఇప్పుడు చెల్లుబాటు," అన్నాడు. ఆ తల ఊపు లేకపోతే ఏం జరిగేదో నాకు తెలియదు.

"ఎవరు ఎవరి వంశంలో చేరాలో నువ్వు చెబుతావురా?" అన్నారు తాత. గొంతు పెద్దది చేయలేదు. బూటుకాలు ఎత్తి పై సొరుగు మీద ఆనించి బలంగా తోశారు.

ఎండిన చెరకు విరిచినట్టు చప్పుడైంది. సొరుగు మూసుకోలేదు. మధ్యలో వేళ్ళున్నాయి. తాత రెండోసారి తోశారు. సూరి అరవలేదు, ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడొకటే వినిపించింది. నాన్నగారు వెనక నుంచి అతని మెడ పట్టుకున్నారు, విడిపించడానికి కాదు. తాత కడ్డీ తీసుకుని, చెయ్యి ఇరుక్కుని ఉన్న మనిషిని వీపు మీద, భుజాల మీద, మోచేతి మీద కొట్టారు. ఉతికిన పంచె మీదికి గీతలు గీతలుగా రక్తం కారింది. అతిథి లేచి నిలబడి, "రమణమూర్తి గారూ," అని మాత్రం అనగలిగాడు. తాత చెయ్యి అలిసి ఆగినప్పుడు, సొరుగు బయటికి లాగింది నేను. మూడు వేళ్ళు మూడు వైపులకు ఉన్నాయి. బాబ్లర్ల తెల్ల దూది కళ్ళు ఎర్రబడ్డాయి. నా చేయి వణకలేదు. సూరి నా వంక చూసి, కుడి చేత్తో ఎడమ చేతిని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, వీధిలోకి నడిచాడు. రోడ్డు మీద సాలూరు పోయే లారీ ఆపి ఎక్కాడని బళ్ళవాళ్ళు చెప్పారు.

భోజనం ఆగలేదు. మా ఇంట్లో అతిథి ఉండగా భోజనం ఆగదు. అందరూ పీటల మీద కూర్చున్నాక అల్లుళ్ళ పక్కన ఒక ఆకు ముందు మనిషి లేడు. "ఆ ఆకు తీయించు," అన్నారు తాత. మామ్మ గరిట పట్టుకుని నిలబడి ఉంది. "మాటిచ్చినారు కదా. ఆకు వేసిన తరవాత తీయడం ఈ ఇంట్లో లేదు," అంది. అని, ఆ ఖాళీ పీట ముందు వంగి ముద్దపప్పు వడ్డించింది, నెయ్యి వేసింది, పనసపొట్టు కూర వేసింది, పులుసు పోసింది. అందరికీ మారు వడ్డించినప్పుడల్లా ఆ ఆకుకూ వడ్డించింది. పులుసు పొంగి నేల మీద పారి తాత మోకాలి దాకా వచ్చింది. ఆయన మోకాలు జరపలేదు, పెరుగన్నం దాకా తిన్నారు. మామ్మకు సూరి మీద దయ ఉందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అతన్ని ఆవిడ ఏనాడూ కన్నెత్తి చూడలేదు. ఇంటి మాట పోవడం ఆవిడకు ఇష్టం లేదు, అంతే. ఆవిడ గురించి నేను గర్వపడే సంగతుల్లో అది మొదటిది.

అతిథి ఏమీ రాయలేదు. తాత మర్నాడు తన చేతులతో థ్రష్‌లన్నిటినీ తిరిగి పై సొరుగులో పడుకోబెట్టారు. సొరుగు పట్టాలు వంగిపోయాయి. వడ్రంగిని పిలిపించలేదు. వేట కూడా మానలేదు. తోళ్ళు తీసేవాడు లేక, కొట్టిన పిట్టలు వసారాలో చీమలు పట్టి కుళ్ళేవి. మామ్మ వాటిని చేటలో ఎత్తి దిబ్బ మీద పోయించేది. పిల్లి కూడా వాటిని ముట్టేది కాదు. కొన్నాళ్ళకు పిట్టలను కొట్టకూడదని చట్టం వచ్చింది. తాత తుపాకీని తనే తీసుకెళ్ళి అప్పజెప్పి వచ్చి, అరుగు మీద కూర్చున్నారు. పెద్ద నలంచి ఒకటి ప్రహరీ మీద వాలి పాడుతుంటే దాని వైపు వేలు గురిపెట్టి చూస్తుండేవారు.

ఆయన పోయిన రోజున సూరి లారీలో వచ్చాడు, తన లారీయే. వెనక ఇద్దరు క్లీనర్లు. అతని ఎడమ చేతి మూడు వేళ్ళు కొక్కెంలా బిగుసుకుపోయి ఉన్నాయి. పాడెకు భుజం పడతానన్నాడు.

"నువ్వెవడివిరా పట్టడానికి?" అన్నారు నాన్నగారు.

"కొడుకుని. ఇన్నాళ్ళూ నువ్వు సెప్పలేదు, ఆయన సెప్పలేదు. నాను సెప్తన్నాను."

నాన్నగారు చేతి కర్రతో అతని తల మీద కొట్టారు. సూరి కొక్కెం చెయ్యి వెనక్కి లాగి నాన్నగారి నోటి మీద గుద్దాడు. బిగుసుకుపోయిన వేళ్ళు సుత్తిలా పడ్డాయి. పళ్ళు రెండు దుమ్ములో పడ్డాయి. క్లీనర్లు మా బావల మీద పడ్డారు. మోసేవాళ్ళు పాడెను నడిరోడ్డు మీద దించేశారు. మా తాత మొహం మీద ఈగలు వాలుతుంటే ఎవరూ తోలలేదు, అందరి చేతులూ ఎదుటివాడి చొక్కాల మీద ఉన్నాయి. చివరికి రక్తం కక్కుతూ నాన్నగారు లెక్క చూసుకుంటే, నాలుగో భుజానికి మనిషి లేడు. ఒక బావకు జబ్బ జారిపోయింది. దాయాదులు అప్పటికే రావడం మానేశారు. "పట్టు," అన్నారు నాన్నగారు. సూరి నెత్తురు కారుతున్న తలకు తువ్వాలు చుట్టుకుని పాడె ఎత్తాడు. శ్మశానం దాకా ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు నడిచారు. తరవాత మళ్ళీ కలవలేదు.

హారిక చెప్పినది విన్నాక నేను సాలూరులో ఒక లారీ ఆఫీసుకు ఫోన్ చేసి సూరి నంబరు తీసుకున్నాను. పిట్టలన్నిటినీ విశాఖపట్నంలో ఒక మ్యూజియానికి ఇచ్చేయాలని అప్పటికే నిశ్చయించుకున్నాను. మొదటి ఫోన్‌లోనే ఆ సంగతి చెబితే, అటవీశాఖ అనుమతి ఆ అమ్మాయే వచ్చేటప్పుడు తెచ్చింది. మోయడానికి లారీ కావాలి. కారణం అదేనని నాకు నేను చెప్పుకున్నాను.

"ఎవులు?" అంది అవతల ముసలి గొంతు.

"చినగంటి వారి ఇంటి నుంచి."

"ఆ ఇల్లు ఇంకా ఉన్నాదేటి?"

"కొంత ఉంది, సూరీ."

"ఇప్పటికీ సూరీయేనా అమ్మీ," అని నవ్వాడు. మర్నాడే వచ్చాడు, డ్రైవరు పక్కన కూర్చుని. ఎనభై దాటాయి. నడుము నిటారుగానే ఉంది. అది మా తాత నడుము, ఎవరూ కాదనలేరు. బీరువా ముందు స్టూలు మీద కూర్చుని పై సొరుగును కొక్కెం చేత్తో లాగాడు. పిట్టలను చూశాడు. ఈల వేయడానికి పెదవులు ముడిచాడు గాని పళ్ళు లేక గాలి మాత్రం వచ్చింది.

హారిక అతనికి నిదానంగా చెప్పింది. అతను చదివిన పెద్ద వంశాన్ని తరవాత మళ్ళీ విడగొట్టారు. రక్తసంబంధాలు చూడటం మొదలయ్యాక తేలింది వేరు. నలంచి, పెద్ద నలంచి, షామా, ఈల వేసే నీలిపిట్ట, రాతి థ్రష్ నిజంగానే ఈగలు పట్టేవాటి వంశం. నలంచి, పెద్ద నలంచి ఒకే శాఖ కూడా. నారింజ తలది, బ్లాక్‌బర్డ్ మాత్రం అసలు థ్రష్‌లు, వాటి వంశం వాటికి ప్రత్యేకంగా ఉంది. బాబ్లర్లకు ఈ రెంటితోనూ సంబంధం లేదు. పిట్టలు ఎత్తున కూర్చుంటాయా, ఎలా నిలబడతాయి అన్నవాటికీ వంశానికీ సంబంధం లేదట.

"అయితే నాను తప్పేనా?" అన్నాడు సూరి.

"సగం ఒప్పండి."

"మరి బాబుగారు?"

"ఆయనదీ సగమే."

సూరి తల ఊపాడు. "సగం తప్పు ఆయనది, సగం తప్పు నాది. యేళ్ళు మాత్రం అన్నీ నాయే," అన్నాడు. హారిక నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూసింది. నేను నవ్వలేదు. మా మేనత్త కొడుకు వాచిన కణుపులు గుర్తొచ్చాయి. వాడు కూడా ఒప్పే చెప్పాడు.

మధ్యాహ్నం అతను లేచి, లోపలి తలుపు వైపు నడిచి, "హాలు సూస్తాను," అన్నాడు. తలుపుకు తాళం ఉంది. ఆ హాలు మాది కాదని, నాన్నగారి వైద్యానికి అమ్మేశామని, ఇప్పుడు రాజాం ధాన్యం వ్యాపారి గోడౌనని, తాళం చెవి వాళ్ళ దగ్గరే ఉంటుందని చెప్పాను. సూరి తలుపు సందుకు కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. "అల్లుళ్ళ పక్కన కదా నా పీట. దాని మీద బస్తాలెట్టీసినారు," అన్నాడు. వసారాలో ఆకులు వేశాను. నేను చాలా ఏళ్ళుగా వసారాలోనే తింటున్నాను. ఆనాడు మామ్మ వడ్డించినట్టే ముద్దపప్పు మొదట వడ్డించాను. అప్పుడు పిట్టలకు చట్టం లేదు, పుస్తకం ఉంది. ఇప్పుడు పుస్తకం మారుతూ ఉంటుంది, మార్చినవాళ్ళ వేళ్ళు విరగ్గొట్టే ఇళ్ళు లేవు. ఇది మేలే. కాని అంత కోపం రావడానికి కావలసినంత పట్టింపు పిట్ట మీద గాని, మాట మీద గాని ఇప్పుడు ఎవరికుందో నాకు తెలియదు.

భోజనాలయ్యాక హారిక మ్యూజియం కాగితం తీసింది. పిట్టలు సేకరించినవారి పేరు రాసుకుంది. తోళ్ళు తీసి తయారుచేసినవారి పేరు కూడా రాయాలంది. "వీరేనన్నారు కదా. మీకు ఏమవుతారండీ?"

"చిన్నాన్న," అన్నాను. "సూర్యనారాయణ."

"ఇంటిపేరు?"

సూరి చెయ్యి కడుక్కుంటున్నాడు. చెంబులోంచి నీళ్ళ ధార ఆగింది.

"చినగంటి," అన్నాను. "చినగంటి సూర్యనారాయణ."

అతను వెనక్కి తిరగలేదు. తువ్వాలుతో మొహం ఒకసారి గట్టిగా తుడుచుకుని, లారీ వైపు చూసి, "బేగి ఎత్తరా, పొద్దుపోతాది," అని డ్రైవరును కేక వేశాడు. సొరుగుల్లోంచి పిట్టలన్నిటినీ అట్టపెట్టెల్లోకి మార్చి, పెట్టెల మధ్య తన తువ్వాలు కుక్కి, బయలుదేరాడు.

పిట్టలను అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నా చినగంటి వారు పిట్టలమ్ముకునేవాళ్ళు కారు. ఖాళీ బీరువాను రాజాంలో ఒక మిఠాయి దుకాణం వాళ్ళకు అమ్మాను. పై సొరుగు మూసుకోవడం లేదని దాన్ని ఇక్కడే వదిలేసి, మిగిలినవి తీసుకెళ్ళారు.